ఆరోగ్య శాస్త్రాల్లో రేపటి పీహెచ్‌డీ గైడ్లను ఇప్పటి నుంచే తయారుచేసుకోవడం ఎలా?

సమన్వయకర్త
అందరికీ నమస్కారం. నర్సింగ్, ఫిజియోథెరపీ, ప్రజారోగ్యం, లేబొరేటరీ సైన్సెస్ లాంటి విభాగాల్లో డాక్టొరల్ ప్రోగ్రాం నడిపేవాళ్లందరికీ ఉన్న ఇబ్బందే ఇది. సీనియర్ గైడ్లు ఒకరి తర్వాత ఒకరు రిటైరవుతున్నారు. ప్రకటన ఇస్తే పీహెచ్‌డీ ఉన్నవాళ్లు వస్తారు. కానీ ఒక స్కాలర్‌ని సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన సారాంశం) నుంచి వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) దాకా నడిపించగలవాళ్లు అరుదు. కాబట్టి ఇప్పుడున్న స్కాలర్లలోంచే రేపటి అధ్యాపకుల్ని సిద్ధం చేసుకోవాలి. దీన్ని ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏ పని ముందు నేర్పాలి, ఏది తర్వాత? దీనివల్ల థీసిస్ ఆలస్యం కాకుండా ఎలా చూడాలి? బయట ప్రాక్టీసులో ఎక్కువ సంపాదించగల క్లినిషియన్లను బోధన వైపు ఎలా నిలుపుకోవాలి? వివరంగా రాయండి. సెమినార్లు పెట్టండి, ప్రోత్సహించండి లాంటి మాటలు ఇప్పటికే చాలా విన్నాం.

అంకెలగది
ముందు ఖాళీల లెక్క సరిచేసుకోవాలి, సమన్వయకర్త గారూ. చాలా చోట్ల రిటైర్మెంట్ తేదీని ఖాళీ తేదీగా రాస్తారు. గైడ్‌షిప్‌కి అది చెల్లదు. పీహెచ్‌డీ సగటున 5 ఏళ్లు పడుతుంటే, రిటైర్మెంట్‌కి 5 ఏళ్ల ముందే ఆ గైడ్ కొత్త స్కాలర్‌ని తీసుకోవడం ఆపాలి. అసలు ఖాళీ ఏర్పడేది ఆ రోజే. 2031లో రిటైరయ్యే మనిషి స్థానం 2026లోనే ఖాళీ అయినట్టు.

ఇక రెండో వైపు చూడండి. ఏటా 10 మందిని చేర్చుకుంటే, 5 ఏళ్ల ప్రోగ్రాంలో ఒకేసారి సుమారు 50 మంది ఉంటారు. ఒక్కో గైడ్‌కి 5 మంది పరిమితి అనుకుంటే 10 మంది ప్రధాన గైడ్లు కావాలి. ఈరోజు చేరిన స్కాలర్ గైడ్ కావాలంటే పీహెచ్‌డీకి 5 ఏళ్లు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన పోస్టు) గానీ జూనియర్ పోస్టు గానీ 2 నుంచి 3 ఏళ్లు, ఆపైన కో-గైడ్‌గా ఒకరినైనా సగం దారి నడిపించడానికి ఇంకో 2 ఏళ్లు. అంటే దగ్గర దగ్గర 10 ఏళ్లు. వచ్చే 5 ఏళ్ల ఖాళీలు ఈ ఏడాది చేరేవాళ్లతో నిండవు. వాటికి ఇప్పటికే పోస్ట్‌డాక్‌లో, జూనియర్ పోస్టుల్లో ఉన్నవాళ్లను చూసుకోవాలి. ఈ రెండు గుంపులకూ వేర్వేరు ప్రణాళికలు అవసరం.

మధ్యలో జారిపోయేవాళ్ల లెక్క కూడా ఉంది. పూర్తి చేసేవారి వాటా, వారిలో అధ్యాపక వృత్తి కోరుకునేవారి వాటా, వారిలో నిలిచేవారి వాటా, ఈ మూడూ గుణించాలి. ఉదాహరణకి 0.7, 0.4, 0.7 వేస్తే దాదాపు 0.2 వస్తుంది. ముగ్గురు గైడ్లు కావాలంటే 15 మందితో మొదలుపెట్టాలన్నమాట. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలే. మీ సంఖ్యలు మీ అడ్మిషన్ రిజిస్టర్‌లోంచే తీయాలి.

ఇంకొకటి, ఈ జాబితా విభాగాలవారీగా కాకుండా పద్ధతులవారీగా వేయండి. క్లినికల్ ట్రయల్, గుణాత్మక పరిశోధన, రేఖాంశ డేటా (ఒకే మనుషుల్ని చాలాకాలం గమనించి సేకరించిన డేటా) విశ్లేషణ, ల్యాబ్ పద్ధతులు, ఇలా. విభాగంలో ఏడుగురు ఉన్నా గుణాత్మక పరిశోధనకి గైడ్ చేయగలిగేది ఒక్కరే కావచ్చు. ఆ ఒక్కరూ వెళ్లిపోతే తలల లెక్కలో తేడా తెలియదు, స్కాలర్లు మాత్రం నిలిచిపోతారు.

పాఠం_నర్సింగ్
బోధన నేర్పే క్రమం గురించి రాస్తాను. చాలా ప్రోగ్రాంలలో స్కాలర్‌కి బోధన అనుభవం పేరుతో ఇన్విజిలేషన్, మార్కుల ఎంట్రీ, ఒకే ప్రాక్టికల్‌ని నాలుగు బ్యాచ్‌లకి చెప్పించడం జరుగుతుంటుంది. నాలుగు బ్యాచ్‌లు అయినా నేర్చుకున్నది ఒక్కసారిదే. దాన్ని శిక్షణగా లెక్కించకూడదు.

నా దృష్టిలో సరైన క్రమం ఇది. మొదటి ఏడాది పరిశీలన మాత్రమే. ముగ్గురు వేర్వేరు అధ్యాపకుల తరగతుల్లో కూర్చుని, అధ్యాపకుడు ఏం చెప్పాడన్నది వదిలేసి విద్యార్థులు ఏం చేస్తున్నారో రాసుకోవాలి. రెండో ఏడాది మైక్రోటీచింగ్. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతే, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. 5 నుంచి 10 నిమిషాల పాఠం, వెంటనే అభిప్రాయం, అదే పాఠం మళ్లీ. ఒక్కసారికి ఒక్క నైపుణ్యం మీదే అభిప్రాయం ఇవ్వాలి: ప్రశ్న అడిగాక ఆగడం, లేదా బోర్డు వాడటం, లేదా ముగింపు. పది విషయాలు ఒకేసారి చెబితే రెండో పాఠం మొదటిదానికన్నా అధ్వాన్నంగా వస్తుంది. మళ్లీ చెప్పించకుండా అభిప్రాయంతో వదిలేస్తే సగం లాభం పోయినట్టే, కానీ టైం లేదని అందరూ ముందు కత్తిరించేది దాన్నే.

మూడో ఏడాది ఒక యూనిట్ మొత్తం: అభ్యసన లక్ష్యాలు, పాఠం, ప్రశ్నపత్రం, ఫలితాల విశ్లేషణ. ప్రశ్నపత్రం దగ్గర అసలు సత్తా బయటపడుతుంది. 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు రాయించి, పరీక్ష అయ్యాక ఐటెం అనాలిసిస్ చేయించండి. పై 27 శాతం, కింది 27 శాతం మార్కులవారిని తీసుకుని ప్రతి ప్రశ్నకీ విచక్షణ సూచిక, అంటే ఆ ప్రశ్న ఈ రెండు గుంపులనీ ఎంత బాగా వేరుచేస్తుందో చూపే అంకె, కట్టాలి. 0.2కి తక్కువ వచ్చిన ప్రశ్నల్ని ఎందుకలా అయిందో రాసి, తిరగరాయాలి. రుణాత్మకంగా వస్తే ముందు జవాబుల కీ సరిచూడాలి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఇంతవరకూ చేసిన స్కాలర్‌కి కోర్సు అప్పగించడానికి భయపడక్కర్లేదు.

థీసిస్_డెస్క్
పాఠం_నర్సింగ్ గారూ, క్రమం బాగుంది, కానీ గంటలు రాయలేదు. కొత్త అధ్యాపకులకి ఒక గంట కొత్త పాఠానికి తయారీ 4, 5 గంటలు తేలిగ్గా పడుతుంది. వారానికి రెండు పాఠాలంటే ఒకటిన్నర రోజు పోయినట్టే. థీసిస్ ఆలస్యమై, ఫెలోషిప్ అయిపోయి, చివరికి ఏదో ఉద్యోగంలో చేరిపోయే స్కాలర్లే మనం పోగొట్టుకుంటున్న అధ్యాపకులు. వాళ్లను కాపాడుకోకుండా బోధన శిక్షణ ఎంత ఇచ్చినా ఉపయోగం లేదు.

అందుకే రెండు నియమాలు రాతలో ఉండాలి. ఒకటి, అన్నీ కలిపి వారానికి ఒక పూట, అంటే పనివేళల్లో 10 శాతం. యూనిట్ చెప్పే సెమిస్టర్‌లో మాత్రం 20 శాతం, అదీ డేటా సేకరణ లేని సెమిస్టర్‌లోనే. రెండు, మైలురాయి తప్పితే శిక్షణ ఆగాలి. 18 నెలలకి ప్రపోజల్ ఆమోదం కాకపోతే బోధన పనులన్నీ తీసేసి, ఆమోదం వచ్చాక తిరిగి ఇవ్వాలి. దీన్ని శిక్షగా కాకుండా మామూలు షెడ్యూల్ మార్పుగా చేరినరోజే చెప్పాలి. లేకపోతే స్కాలర్ వెనకబడ్డ సంగతి దాచిపెడతాడు.

కదలిక_శాస్త్రం
క్లినిషియన్ల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను. పదేళ్లు రోగుల్ని చూసిన నిపుణులు తరగతిలో కొత్తవాళ్లే. చేతికి అలవాటైన పనిని మెట్లుగా విడదీసి చెప్పడం వాళ్లకే ఎక్కువ కష్టం. అందుకు పేటన్ నాలుగు మెట్ల పద్ధతి ఇవ్వండి: మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపడం, వివరిస్తూ నెమ్మదిగా చేయడం, విద్యార్థి చెబుతుంటే అధ్యాపకుడు చేయడం, విద్యార్థి తానే చెబుతూ చేయడం. చాలామంది మూడో మెట్టు వదిలేస్తారు. విద్యార్థికి ఏది అర్థం కాలేదో తెలిసేది అక్కడే.

ఇక ఉమ్మడి నియామకాలు. ఆసుపత్రికి 60 శాతం, కాలేజీకి 40 శాతం అని ఉత్తర్వులో రాసి వదిలేస్తే ఆ 40 శాతం రెండు నెలల్లో మాయమవుతుంది. రోగులు ఎదురుగా ఉంటారు, పరిశోధన అలా ఎదురుగా కనబడదు. ఉత్తర్వులో మంగళవారం మధ్యాహ్నం, గురువారం పూర్తి రోజు, శుక్రవారం ఉదయం అని పూటల పేర్లతో రాయాలి. ఆ పూటల్లో క్లినిక్ డ్యూటీ ఎవరిదో కూడా అదే కాగితంలో ఉండాలి. ఎవరు భర్తీ చేస్తారో రాయని కేటాయించిన సమయం కాగితం మీదే మిగిలిపోతుంది.

జీతం తేడా నిజమైన అడ్డంకి, మాటలతో పూడ్చలేం. అమెరికాలో నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం ఒక దారి చూపింది. చదువుకి అప్పు ఇచ్చి, పూర్తయ్యాక నర్సింగ్ అధ్యాపకులుగా పూర్తికాలం పనిచేస్తే 4 ఏళ్లలో 85 శాతం వరకు మాఫీ చేస్తారు. మొదటి మూడేళ్లూ ఏడాదికి 20 శాతం, నాలుగో ఏడాది 25 శాతం. పని చేసే కొద్దీ కొంచెం కొంచెంగా మాఫీ కావడమే ఇందులో కీలకం. చేరగానే ఒకేసారి బోనస్ ఇచ్చేస్తే, అది అయిపోయిన మర్నాడు ఉండిపోవడానికి వేరే కారణం వెతుక్కోవాలి.

ప్రజారోగ్య_గైడ్
కదలిక_శాస్త్రం గారూ, దీనికి ఒకటి కలుపుతాను. క్లినికల్ డాక్టరేట్ ఉన్నవాళ్లను నేరుగా పీహెచ్‌డీ గైడ్లుగా వేయడం మీద మనం కచ్చితంగా ఉండాలి. డీఎన్‌పీ (నర్సింగ్), డీపీటీ (ఫిజియోథెరపీ) లాంటివి ప్రాక్టీసు కోసం రూపొందిన డిగ్రీలు. వాటిలో స్వతంత్ర పరిశోధన శిక్షణ పీహెచ్‌డీలో ఉన్నంత ఉండదు. ఇది ఎవరినీ తక్కువ చేయడం కాదు. కమిటీలో క్లినికల్ సభ్యులుగా వాళ్లు అవసరం, ప్రధాన గైడ్ కావాలంటే మాత్రం వంతెన కావాలి: రెండు పరిశోధన పద్ధతుల కోర్సులు, ఒక పూర్తి అధ్యయనం తానే ప్రధాన పరిశోధకుడిగా, ఒక స్కాలర్‌కి కో-గైడ్‌గా ప్రపోజల్ నుంచి సమర్పణ దాకా. అంతకు తగ్గిస్తే నష్టపోయేది స్కాలరే.

సమన్వయకర్త
ఇవన్నీ బోధన, సమయం గురించి. గైడింగ్ అనే పనిని ఎలా నేర్పుతారు? తన గైడ్ ఎలా చేశాడో అలాగే చేయడం తప్ప వేరే శిక్షణ ఎక్కడా కనబడదు.

ప్రజారోగ్య_గైడ్
అవును, అసలు లోటు అక్కడే ఉంది. పీహెచ్‌డీ ఇచ్చాక పరిశోధన వచ్చినట్టే అనుకుంటాం, అది నిజమే. ఇంకొకరి పరిశోధనని నడిపించడం వేరే విద్య, దాన్ని ఎవరూ పరీక్షించరు.

2005లో ఓలే టెన్ కేట్ వైద్య విద్యలో ముందుకు తెచ్చిన అప్పగింత ఆలోచన ఇక్కడ చక్కగా సరిపోతుంది. పనిని చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి అయిదు స్థాయిలు పెట్టుకోవడం: చూడటం, పక్కన గైడ్ ఉండగా చేయడం, పిలిస్తే గైడ్ వచ్చేలా చేయడం, స్వతంత్రంగా చేయడం, ఇతరులకి నేర్పడం. గైడింగ్‌లో నేను విడదీసే పనులు ఇవి: నెలవారీ సమావేశం నడపడం, అధ్యాయం మీద రాతపూర్వక అభిప్రాయం ఇవ్వడం, ఎథిక్స్ దరఖాస్తు (మనుషుల మీద పరిశోధనకి నైతిక కమిటీ అనుమతి కోరేది) చూడటం, రచయితల క్రమం తేల్చడం, వెనకబడ్డ స్కాలర్‌ని గుర్తించి మాట్లాడటం, వైవాకి సిద్ధం చేయడం. ఒకే మనిషి ఎథిక్స్ దరఖాస్తులో నాలుగో స్థాయిలో, వెనకబడ్డ స్కాలర్‌తో మాట్లాడటంలో రెండో స్థాయిలో ఉండొచ్చు. గైడ్‌షిప్ ఉందా లేదా అనే ఒక్క ముద్రలో ఈ తేడా కనబడదు.

ఒక అభ్యాసాన్ని దగ్గరగా చూపిస్తాను. పది పేజీల మెథడ్స్ అధ్యాయం ఒకటి తయారుచేసి అందులో తప్పులు పెట్టండి. ప్రధాన ఫలితం 12 వారాలకి నొప్పి స్కోరు అని రాసి, నమూనా పరిమాణం మాత్రం ఆరు నిమిషాల నడక దూరం మీద లెక్కగట్టండి. గ్రూపుకి 64 మంది కావాలని తేల్చి, 20 శాతం మంది మధ్యలో మానేస్తారని 64ని 1.2తో గుణించి 77 అని రాయండి. సరైనది 64ని 0.8తో భాగించడం, 80 రావాలి. మినహాయింపు ప్రమాణం ఒకదాన్ని ర్యాండమైజేషన్ (లాటరీలా గ్రూపులకి కేటాయించడం) తర్వాత వర్తింపజేయండి. మిగతా అంతా మంచి భాషలో ఉండాలి, అక్కడక్కడ మాత్రం వ్యాకరణ దోషాలు. శిక్షణార్థికి 60 నిమిషాలు. మొదట మూడే ముఖ్య వ్యాఖ్యలు రాయాలి, ఆ తర్వాతే మార్జిన్‌లో చిన్నవి.

కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ చేసేది ఒకటే. వ్యాకరణం పేజీ పేజీకీ దిద్దుకుంటూ పోతారు, నమూనా పరిమాణం పట్టించుకోరు. దిద్దిన గీతలు కనబడితే పని చేసినట్టు అనిపిస్తుంది. ఇద్దరు సీనియర్లు విడిగా రాసిన వ్యాఖ్యలతో పోల్చి చూపండి. ఇంకా ముఖ్యమైనది, తప్పు పట్టాక దాన్ని ఎలా చెప్పారో చూడండి. 80 అని దిద్దేస్తే స్కాలర్ ఏమీ నేర్చుకోడు. 80 మందిలో 20 శాతం పోతే ఎంతమంది మిగులుతారు, 77లో ఎంతమంది మిగులుతారు అని అడిగితే తానే లెక్క వేసి పట్టుకుంటాడు.

అంకెలగది
ఆ అభ్యాసంలో ఇంకో తప్పు కూడా పెట్టండి: లోపించిన డేటా గురించి ఒక్క మాటా లేకపోవడం. రాసినదాంట్లో తప్పు పట్టడం అలవాటవుతుంది, రాయనిది గమనించడం చాలా ఆలస్యంగా వస్తుంది.

పోస్ట్‌డాక్_బెంచ్
రచయితల క్రమం అంశానికి చిన్న చేర్పు. ఎవరిని రచయితగా లెక్కించాలో చెప్పే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నాలుగు ప్రమాణాలు శిక్షణార్థి చేతిలో పెట్టి, ఒక కల్పిత బృందంలో డేటా సేకరించినవాళ్లు, నిధులు తెచ్చినవాళ్లు, రాసినవాళ్లు, విశ్లేషించినవాళ్లు ఎవరెవరు రచయితలో తేల్చమనండి. నాలుగూ కలిసి ఉంటేనే రచయిత, నిధులు తేవడం ఒక్కటే చాలదు. ఈ మాట సీనియర్‌కి చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమే, అందుకే రోల్ ప్లేగా చేయించాలి.

థీసిస్_డెస్క్ గారి ఆందోళనకి జవాబు పోస్ట్‌డాక్ దశలో ఉంది. గైడింగ్ పనుల్లో సగానికి పైగా అక్కడికి జరపొచ్చు. అమెరికాలో ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) ఇచ్చే కే99/ఆర్00 అనే పరిశోధన నిధుల అవార్డు ఈ మార్పిడి కోసమే: మొదట 2 ఏళ్ల దాకా గురువు నీడలో, తర్వాత 3 ఏళ్ల దాకా సొంత పోస్టులో స్వతంత్రంగా. డబ్బు మనిషి వెంట వెళ్తుంది. సొంత నిధులతో చిన్న స్థాయిలో అయినా ఇదే ఆకారం పెట్టుకోవచ్చు: చివరి ఏడాది స్కాలర్‌కి పోస్ట్‌డాక్ ఖాయం చేసి, ఆ పోస్ట్‌డాక్‌లో వారానికి ఒక రోజు బోధన, ఒక కో-గైడ్ బాధ్యత ముందే రాసి ఉంచడం. వైవా అయ్యాక ఆరు నెలల ఖాళీ వస్తే మంచివాళ్లు ఆగరు.

సమన్వయకర్త
సొంత స్కాలర్లనే తీసుకుంటే అందరూ ఒకేలా ఆలోచించేవాళ్లే మిగులుతారన్న అభ్యంతరం కమిటీల్లో తప్పక వస్తుంది. దానికి ఏం చెప్పాలి?

పాఠం_నర్సింగ్
అభ్యంతరం న్యాయమైనదే, తోసిపుచ్చకండి. తయారుచేయడం వేరు, పోస్టు హామీ ఇవ్వడం వేరు. పోస్టు బహిరంగ పోటీలోనే ఉండాలి. తయారైనవాళ్లు ఇంకో సంస్థకి వెళ్లినా ఈ రంగానికి నష్టం లేదు, మీకూ అక్కడినుంచి ఒకరు రావచ్చు. 1993లో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్, అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్ కలిసి మొదలుపెట్టిన ప్రిపేరింగ్ ఫ్యూచర్ ఫ్యాకల్టీ కార్యక్రమం మూల ఆలోచన ఇదే. డాక్టరేట్ ఇచ్చే విశ్వవిద్యాలయం చుట్టూ వేర్వేరు రకాల భాగస్వామ్య సంస్థలు, స్కాలర్ అక్కడ ఒక అధ్యాపకుడి దగ్గర ఉండి ఆ సంస్థలో బోధన, పరిశోధన, పాలన ఎలా సాగుతాయో చూడటం. అది చూశాక తనకి ఎలాంటి చోటు నప్పుతుందో తెలుస్తుంది. పరిశోధన ఎక్కువగా ఉన్న చోటే అధ్యాపక వృత్తి అని అపోహపడి బయటికి పోయేవాళ్లు కొందరు అలా నిలబడతారు.

కదలిక_శాస్త్రం
ఎంపిక గురించి కూడా. గైడ్లు తమకి నచ్చినవాళ్లను సూచించే పద్ధతి పెడితే, ఎప్పుడూ గది ముందు వరసలో కనబడేవాళ్లే వస్తారు. ప్రతి స్కాలర్‌కీ రెండో ఏడాదిలో లేఖ పంపండి, దరఖాస్తు ఒక పేజీ చాలు. కుటుంబంలో మొదటిసారి ఉన్నత చదువులకి వచ్చినవాళ్లకి అధ్యాపక వృత్తి అనేది ఒక మార్గమని ఎవరూ చెప్పి ఉండరు. శిక్షణకి చిన్నదైనా భృతి ఉండాలి. ఉచితంగా చేయమంటే పార్ట్ టైం ఉద్యోగం చేసుకునేవాళ్లు మొదటి నెలలోనే మానేస్తారు.

థీసిస్_డెస్క్
నియామకం తర్వాత మొదటి మూడేళ్లను కూడా ఈ లెక్కలోనే కలపండి. అక్కడే ఎక్కువమంది కూలబడతారు. సెమిస్టర్‌కి ఒక్క కొత్త కోర్సు మించకూడదు, ఒకసారి తయారుచేసిన కోర్సుని కనీసం మూడుసార్లు చెప్పనివ్వాలి. కమిటీ సభ్యత్వం ఒక్కటే ఉండాలి. మొదటి ఏడాది ప్రధాన గైడ్‌షిప్ వద్దు. చేరకముందే ఎథిక్స్ దరఖాస్తు, డేటా అనుమతి కాగితాలు మొదలుపెట్టించండి, వాటికి నెలలు పడతాయి. నెలకి ఇన్ని గంటలు గణాంక నిపుణుల సాయం అని నియామక పత్రంలోనే రాయించుకోవాలి.

సమన్వయకర్త
చివరిగా ఒకటి. రెండేళ్లలో రిటైరయ్యే గైడ్ దగ్గర ఇప్పటికే నలుగురు స్కాలర్లు ఉంటే ఏం చేయాలి? అంకెలగది గారి లెక్క ప్రకారం ఆలస్యమైపోయింది కదా.

అంకెలగది
ఆలస్యమే, అయినా చేయగలిగింది ఉంది. నలుగురినీ దశలవారీగా విడదీయండి. డేటా సేకరణ అయిపోయినవాళ్లను అదే గైడ్ దగ్గర ఉంచి, సమర్పణ తేదీలు ఇప్పుడే వేయండి. మిగతావాళ్లకి ఈ నెలలోనే జూనియర్ కో-గైడ్‌ని జతచేయండి. ఆ కో-గైడ్‌కి ఇదే శిక్షణ, ప్రజారోగ్య_గైడ్ గారు రాసిన పనులు ఒక్కొక్కటిగా అప్పగించొచ్చు. నెలవారీ సమావేశానికి మొదటి ఆరు నెలలు ఇద్దరూ రావాలి, తర్వాతి ఆరు నెలలు కో-గైడ్ నడిపితే సీనియర్ వింటారు.

ప్రజారోగ్య_గైడ్
కాగితాల పని మర్చిపోకండి. గైడే ప్రధాన పరిశోధకుడిగా ఉన్న అధ్యయనమైతే, పేరు మార్పుకి ఎథిక్స్ కమిటీకి సవరణ దరఖాస్తు పెట్టాలి. ఆమోదం వచ్చేదాకా పాత పేరు మీదే సాగాలి, అంటే సీనియర్ ఇంకా ఉద్యోగంలో ఉండగానే ఆ ఆమోదం చేతికి రావాలి. సమ్మతి పత్రంలో రోగులకి ఇచ్చిన ఫోన్ నంబరు కూడా మారుతుంది, కొత్త పత్రానికీ ఆమోదం కావాలి. డేటా ఫోల్డర్, ఆస్పత్రి రికార్డుల అనుమతి, ఫ్రీజర్‌లోని నమూనాల జాబితా ఎవరి పేరు మీద ఉన్నాయో చూసి మార్పించండి. ఇక ఇప్పటిదాకా జరిగిన పని మీద రాబోయే పేపర్లలో రచయితలు ఎవరన్నది సీనియర్, కో-గైడ్, స్కాలర్ ముగ్గురూ కూర్చుని ఒక పేజీలో రాసి సంతకాలు పెట్టాలి, సీనియర్ వీడ్కోలు సభకి ముందే.